అడిగింది ఎంత, ఇచ్చింది ఎంత

పోయినసారి శిడ్లఘట్ట ఇంటి జగిలి గురించి రాశాం, అంతకు ముందు అవ్వ చేసే ఉలవచారు గురించి రాశాం. ఈసారి అమెరికావాళ్ల ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాం. ఈ మాట చెప్పగానే చిన్నాయన ఫోన్లోనే నవ్వినాడు. "మన ఇంటి పేజీలో ఆ గుద్దులాట ఎందుకురా?" అన్నాడు. కొంచెం ఓపిక పట్టి చదవండి, శిడ్లఘట్టకే వస్తాం. ఈ పేజీలో ఎవరు రాసినా 'మేము' అనే రాయడం అలవాటు, ఇప్పుడూ అంతే. బడి చదువంతా కన్నడంలోనే సాగినవాళ్లం. తెలుగు అక్షరాలు పాతికేళ్లు దాటినాక నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

పెదనాయన కొడుకు, మా పెద్దన్న, 2011లో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు పోయినాడు. ఆ సీజన్ చివర్లో, 2012 ఫిబ్రవరిలో, న్యూయార్క్ జెయింట్స్ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. పేరు న్యూయార్క్‌దే కానీ ఆ జట్టు ఆడే స్టేడియం న్యూజెర్సీలోనే, ఈస్ట్ రదర్‌ఫర్డ్ అనే ఊళ్లో ఉంది. ఊరికి కొత్తగా పోయినవాడికి పక్కింటివాళ్లతో మాట్లాడేదానికి ఒక సాకు కావాలి కదా, అన్నకు జెయింట్స్ దొరికింది. అప్పటినుంచి వాళ్లు ఓడితే వీడికి అన్నం దిగదు. ఆ తర్వాత ఎక్కువగా ఓడుతూనే వచ్చారు, అది వేరే సంగతి.

మాకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. క్లయింట్ అమెరికావాళ్లు. సోమవారం సాయంత్రం కాల్‌లో మొదటి పది నిమిషాలు ముందు రోజు ఆట గురించే మాట్లాడుకుంటారు. మేము ఏమీ అర్థం కాక మ్యూట్‌లో కూర్చునేవాళ్లం. ఒకసారి అన్నను అడిగితే వాడు ఆదివారం రాత్రి వీడియో కాల్ పెట్టి నేర్పించడం మొదలుపెట్టినాడు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆట మొదలైతే మనకు రాత్రి పదిన్నర. నిద్ర పట్టక అవ్వ కూడా వచ్చి పక్కన కూర్చునేది. అట్లా మా ఇంట్లో మూడు తరాలవాళ్లు జెయింట్స్ ఓటములు చూసినాం.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత పట్టుకుని ముందుకు పోవాలి. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది. నాలుగు అవకాశాల్లో పది గజాలు పోతే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి, పోకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. ఆయన చేతిలోనుంచి బంతి తీసుకుని, ఎదురుగా కొండల మాదిరి నిలబడ్డ మనుషుల మధ్య సందు చూసి దూరేవాడు రన్నింగ్ బ్యాక్. కబడ్డీలో కూతకు పోయేవాణ్ణి తలుచుకోండి. కాకపోతే కబడ్డీలో వెనక్కి వచ్చి గీత ముట్టుకోవాలి, వీడు మాత్రం కింద పడేదాకా ముందుకే పోవాలి. పేరున్న రన్నింగ్ బ్యాక్ ఒక్కో ఆటలో ఇరవై సార్లు అట్లా దూరతాడు, ఇరవై సార్లు మీద పడతారు. ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ సందు తనంతట తాను పుట్టదు. ముందు వరసలో ఐదుగురు భారీ మనుషులు ఎదుటివాళ్లను తోసి పట్టుకుంటేనే సందు. ఆ ఐదుగురినీ కలిపి ఆఫెన్సివ్ లైన్ అంటారు. టీవీలో వాళ్ల పేర్లు పెద్దగా వినపడవు.

ఇప్పుడు అసలు సంగతి. 2018లో జెయింట్స్ డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా సక్వాన్ బార్క్లీ అనే రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంది. మొదటి ఏడాదే 1,307 గజాలు పరిగెత్తినాడు, దాని మీద 91 బంతులు పట్టుకున్నాడు, రెండూ కలిపి 2,028 గజాలు. ఆ ఏడాది కొత్త ఆటగాళ్లలో ఉత్తమ ఆఫెన్స్ ఆటగాడి బహుమతి ఆయనకే ఇచ్చారు. 2020లో రెండో ఆటలోనే మోకాలి లిగమెంట్ తెగింది. మరుసటి ఏడు చీలమండ. 2022లో మళ్లీ లేచి 1,312 గజాలు పరిగెత్తినాడు. 2016 తర్వాత జెయింట్స్ మొదటిసారి ప్లేఆఫ్స్‌కు పోయింది. అన్న ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టినాడు.

ఆయన జీతం ఎట్లా నడిచిందో చూడండి. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడికి మొదటి నాలుగేళ్ల జీతం ముందే కట్టి ఉంటుంది, బేరం ఆడేదానికి పెద్దగా లేదు. మొదటి రౌండులో తీసుకున్నవాణ్ణి ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకు ఉంది. ఆ ఐదూ అయిపోతే ఫ్రాంచైజ్ ట్యాగ్ అని ఇంకొకటి ఉంది. దాన్ని తగిలిస్తే, నిబంధనల ప్రకారం వచ్చే జీతానికి ఇంకొక ఏడు అక్కడే ఉండాలి, మామూలుగా బయట బేరం ఆడేదానికి లేదు. క్వార్టర్‌బ్యాక్ ముప్పైఐదేళ్లకు కూడా బాగా ఆడతాడు. రన్నింగ్ బ్యాక్ కాళ్లు మాత్రం ఇరవైఏడు, ఇరవైఎనిమిదికే బరువెక్కుతాయని అందరూ అంటారు. అంటే వాడి మంచి ఏళ్లన్నీ కట్టిన జీతంలోనే గడిచిపోతాయి. బేరం ఆడే రోజు వచ్చేసరికి "నీకు వయసైపోయింది" అంటారు.

2023 మార్చిలో జెయింట్స్ తన క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 160 మిలియన్ డాలర్లు రాసిచ్చింది. బార్క్లీకి ట్యాగ్ తగిలించింది, 10.09 మిలియన్లు, ఒక్క ఏడాదికి. ఏడాదికి 12 మిలియన్ల పైచిలుకు చొప్పున కొన్నేళ్ల ఒప్పందం కూడా జట్టు చూపించిందని, ఆయన ఒప్పుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. కొట్లాట మొత్తం సొమ్ము గురించి కాదు, అందులో గ్యారంటీ ఎంత అనేదాని గురించి. ఆ ఆటలో ఒప్పందంలో రాసిన సొమ్మంతా చేతికి రాదు. గ్యారంటీ అని రాసిందే నిజమైన సొమ్ము, మిగతాది ఎప్పుడైనా తీసేయగల సొమ్ము. రెండుసార్లు కాలికి దెబ్బ తగిలినవాడు గ్యారంటీ అడగక ఏం అడుగుతాడు?

ఆ జూలైలో అన్నకూ మాకూ పెద్ద వాదం జరిగింది. మేము జట్టు పక్షం. టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్లం కదా, ఏది చెప్పినా లెక్క చూపించమంటాం. లెక్కలు మా వైపే ఉన్నాయి. టాడ్ గర్లీకి 2018లో లాస్ ఏంజెలెస్ రామ్స్ 57.5 మిలియన్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. మోకాలు సహకరించలేదు, రెండేళ్లు తిరగకముందే పంపించేసింది. ఎజీకియల్ ఎలియట్‌కు 2019లో డల్లాస్ కౌబాయ్స్ ఆరేళ్లకు 90 మిలియన్లు ఇచ్చింది, 2023లో వదిలేసింది. ఇంకొక పక్క కాన్సాస్ సిటీ చీఫ్స్ 2022 డ్రాఫ్ట్‌లో చివరిదైన ఏడో రౌండులో ఐజయా పచేకో అనే పిల్లవాణ్ణి తీసుకుని, వాడితోనే పరిగెత్తించి ఆ సీజన్ సూపర్ బౌల్ గెలిచింది. ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగలిగేదానికి లీగ్ గట్టి హద్దు పెట్టింది. 2023లో అది 224.8 మిలియన్లు. ఒకడికి ఎక్కువ ఇస్తే ఇంకొకడికి తగ్గించాలి. అందుకని రన్నింగ్ బ్యాక్‌కు ఎక్కువ ఇవ్వకూడదు, కొత్తవాణ్ణి తెచ్చుకోవాలి, ఇదీ మా వాదం.

అన్న ఒక్కటే అన్నాడు. "మీరు చెప్పేది పొజిషన్ గురించి రా. నేను చెప్పేది మనిషి గురించి."

అవ్వ ఇదంతా వింటా కూర్చుంది. ఆమెకు గజాలు, మిలియన్లు ఏమీ పట్టలేదు. "ఆ పిల్లోడు అడిగింది ఎంత, వీళ్లు ఇచ్చింది ఎంత?" అని అడిగింది. చెప్పినాం. కాసేపు ఊరుకుని, "మీ తాత కూడా ఇట్లే చేసె" అనింది.

ఇప్పుడు శిడ్లఘట్టకు వద్దాం.

తాత పట్టునూలు తీసే యూనిట్ నడిపిన సంగతి ఈ పేజీలో ముందే రాశాం. మార్కెట్లో గూళ్లు వేలంలో కొనుక్కొచ్చి, వేడినీళ్లలో ఉడకబెట్టి, నూలు తీసి అమ్మడం. ఇంటి వెనక రేకుల షెడ్డు, నాలుగు బేసిన్లు. చిన్నప్పుడు మేము ఆ షెడ్డులోకి పోతే ఆవిరి, ఉడికిన పురుగుల వాసన. ఇప్పటికీ ఆ వాసన ఎక్కడన్నా తగిలితే ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. బేసిన్ ముందు కూర్చునే పనివాళ్లలో ఒకాయన్ని అందరూ సాయిబు అని పిలిచేవాళ్లు. ఇంట్లో వాళ్లది ఉర్దూ, మాతో మాట్లాడేది తెలుగు. ఆయన వేళ్ల చివర్లు ఎప్పుడూ నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి.

ఆ పని ఎట్లాంటిదో చెప్పాలి. ఉడికిన గూడు మీద పోగు చివర వెతికి పట్టుకోవాలి. అట్లా ఎనిమిదో పదో గూళ్ల పోగులు కలిస్తే ఒక నూలు పోగు అవుతుంది. ఒక గూడు అయిపోగానే ఇంకొక గూడు పోగు చివర అందుకుని అతికించాలి, నూలు మందం మారకూడదు, తెగకూడదు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చూపు ఒక్క క్షణం పక్కకు పోతే నూలు సన్నబడుతుంది. ఒక కిలో నూలు రావడానికి ఎన్ని కిలోల గూళ్లు పట్టినాయో దాన్ని రెండిట్టా అంటారు. రెండిట్టా ఎంత తక్కువైతే అంత లాభం. సాయిబు బేసిన్‌లో ఎనిమిదికి అటూ ఇటూ వచ్చేదంట. పక్క బేసిన్లలో తొమ్మిది దాటేది. అవే గూళ్లు, అదే నీళ్లు.

1996లో సాయిబు రోజుకూలి మీద పది రూపాయలు ఎక్కువ అడిగినాడు. తాత ఐదు ఇస్తానన్నాడు. సాయిబు అంతకు ముందే ఇంట్లో పెళ్లికని నాలుగు వేలు అడ్వాన్స్ తీసుకుని ఉన్నాడు. మన వైపు ఆ పనిలో అప్పట్లో అదే వాడుక. అడ్వాన్స్ తీసుకున్నవాడు అది తీరేదాకా వేరే యూనిట్‌కు పోకూడదు. తాతకు అది తెలుసు. "ఎక్కడికి పోతాడులే, నాలుగు వేలు కట్టాలి కదా" అని ఊరుకున్నాడు. ఒక ఏడాది అట్లే గడిచింది. సాయిబు నోరెత్తలేదు, పనిలో తేడా చూపించలేదు. మరుసటి ఏడు సంక్రాంతి అయినాక, రెండు వీధుల అవతల యూనిట్ ఆయన ఒకరోజు పొద్దున్నే వచ్చి, జగిలి మీద నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చి, సాయిబును పిలుచుకుపోయినాడు. తాత కాఫీ తాగమని కూడా అనలేదంట.

మేము ఫ్రాంచైజ్ ట్యాగ్ అంటే ఏమిటో అన్న దగ్గర మూడుసార్లు చెప్పించుకున్నాం. అవ్వకు మాత్రం ఒక్కసారి చెబితే అర్థమైంది. "అడ్వాన్స్ అన్నమాట" అనింది.

రెండూ ఒకటే అని మేము అనడం లేదు. పది మిలియన్ల మనిషికీ, నాలుగు వేలకు కట్టుబడిపోయిన మనిషికీ పోలిక పెడితే సాయిబుకే అవమానం. బార్క్లీకి వకీలు, ఏజెంటు, సంఘం అన్నీ ఉన్నాయి. సాయిబుకు ఏమీ లేదు. కానీ కట్టేసే తాడు పేనే పద్ధతి మాత్రం అవ్వ చెప్పినట్టు ఒకటే.

మిగతా కథ త్వరగా చెబుతాం. 2023లో జెయింట్స్ 6 గెలిచి 11 ఓడింది. బార్క్లీ 962 గజాలు పరిగెత్తినాడు. 2024 మార్చిలో జట్టు మళ్లీ ట్యాగ్ వేయలేదు, బయట చూసుకోమనింది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ మూడేళ్లకు 37.75 మిలియన్లు ఇచ్చింది, అందులో 26 మిలియన్లు గ్యారంటీ. ఏడాదికి లెక్కేస్తే పన్నెండున్నర మిలియన్లు. జెయింట్స్ ఒకప్పుడు చూపించిందని పత్రికలు రాసిన అంకెకు పెద్ద తేడా లేదు! ఈగిల్స్ అంటే జెయింట్స్‌కు అదే డివిజన్‌లో బద్ధశత్రువు, ఏడాదికి రెండుసార్లు ఎదురుపడే జట్టు. మన లెక్కలో రెండు వీధుల అవతలే. జెయింట్స్ ఆఫీసులో ఆ నెలల్లో జరిగిన మాటలను కెమెరాతో తీసి హెచ్‌బీఓ 'హార్డ్ నాక్స్'లో చూపించింది. జనరల్ మేనేజర్ జో షేన్‌తో యజమాని జాన్ మారా, బార్క్లీ ఫిలడెల్ఫియాకు పోతే తనకు నిద్ర పట్టడం కష్టమే అని చెప్పుకున్నాడు. అది చూసి అవ్వ, "నిద్ర పట్టనోడు ముందే ఇచ్చుండాల్సింది" అనింది.

2024 అక్టోబర్ 20, ఆదివారం. మనకు రాత్రి పదిన్నర. బార్క్లీ ఈగిల్స్ చొక్కాతో ఆ ఈస్ట్ రదర్‌ఫర్డ్ స్టేడియంలోకే వచ్చినాడు. 17 సార్లు బంతి పట్టుకుని 176 గజాలు పరిగెత్తినాడు. ఈగిల్స్ 28, జెయింట్స్ 3. అన్న వీడియో కాల్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. జోన్స్‌ను నవంబర్‌లో జట్టు వదిలేసింది. ఆ సీజన్ జెయింట్స్ 3 గెలిచి 14 ఓడింది. బార్క్లీ 2,005 గజాలు పరిగెత్తినాడు. ఒకే సీజన్‌లో రెండువేలు దాటినవాళ్లలో తొమ్మిదోవాడు. 1984లో ఎరిక్ డికర్సన్ పెట్టిన 2,105 రికార్డు దాటేదానికి ఇంకా 101 గజాలే కావాలి, చివరి ఆట మిగిలింది, ఎదురుగా ఉన్నది మళ్లీ జెయింట్సే! ప్లేఆఫ్స్ ముందున్నాయని కోచ్ ఆయన్ని ఆ ఆటలో ఆడించలేదు. 2025 ఫిబ్రవరి 9న, మనకు సోమవారం పొద్దున, ఈగిల్స్ 40-22తో చీఫ్స్‌ను ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. ఆ రోజే ఆయన పుట్టినరోజు, 28 ఏళ్లు నిండినాయి. మేము అలారం పెట్టుకుని ఐదింటికి లేచి చూసినాం.

అన్న గెలిచినాడు, మేము ఓడినాం అనుకుంటారేమో. ఇక్కడే అసలు చెప్పాల్సింది ఉంది.

ఆ 2,005 గజాలు జెయింట్స్‌లో ఉండి ఉంటే వచ్చేవా? రావనే మా నమ్మకం. ఈగిల్స్ ముందు వరసలో జోర్డన్ మైలాటా అని ఒకాయన ఉన్నాడు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుతూ పెరిగినవాడు, అమెరికా ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడినవాడు కాదు. బార్క్లీ రెండోవాడిగా పోయిన అదే 2018 డ్రాఫ్ట్‌లో ఆయన 233వ వాడు. ఆయన, లేన్ జాన్సన్, ఇంకా ముగ్గురు కలిసి తెరిచిన సందుల్లోంచి బార్క్లీ పరిగెత్తినాడు. జెయింట్స్‌లో ఆరేళ్లు ఎక్కువగా గోడలే చూసినవాడు. 2025 మార్చిలో ఈగిల్స్ ఆయనకు ఇంకొక రెండేళ్లకు 41.2 మిలియన్లు ఇచ్చింది. ఆ తర్వాతి సీజన్‌లో ఆయన రెండువేల దరిదాపులకు కూడా రాలేదు. జెయింట్స్ ఆ డబ్బులు పెట్టి ఆయన్ని ఉంచుకున్నా 2024లో ఓడే ఉండేది. మహా అయితే మూడు గెలుపులు ఐదో ఆరో అయ్యేవి. ఐదో రౌండులో తెచ్చుకున్న కొత్త పిల్లవాడు టైరోన్ ట్రేసీ, తీసిపారేయదగ్గ ఆట ఏమీ ఆడలేదు, 839 గజాలు పరిగెత్తినాడు.

తాత సంగతి కూడా అంతే. సాయిబు పోయినందుకే యూనిట్ మునిగిందని మా ఇంట్లో ఒక కథ నడుస్తుంది. పద్దు పుస్తకాలు తీసి చూసినాం. ఆయన పోయిన ఏడు రెండిట్టా పెరిగిన మాట నిజం. కానీ ఆ వేసవిలో కొన్న గూళ్లే నాసిగా ఉన్నాయని తాత తన చేతిరాతతో రాసి పెట్టినాడు. ఆ తర్వాత చైనా నూలు చౌకగా వచ్చి పడింది. మన శిడ్లఘట్టలో ఎన్ని షెడ్లు మూతపడినాయో అందరికీ తెలుసు. మాది 2003లో మూతపడింది. సాయిబు ఉన్నా మూతపడేదే.

కాబట్టి 'మంచి పనివాణ్ణి వదిలితే నాశనమైపోతారు' అనేది ఈ కథలోని నీతి కాదు. అట్లా అనడం సులభం, లెక్క ఒప్పుకోదు. మా మాట ఇది. రన్నింగ్ బ్యాక్‌ను ఉంచుకోవాలా, మార్చాలా అనే ప్రశ్నకు రెండు జవాబులూ సరైనవే కావచ్చు. ముందు వరస గట్టిగా ఉండి గెలిచే జట్టు అయితే ఉంచుకో, అక్కడ ఆ మనిషి విలువ రెట్టింపు అవుతుంది. ముందు వరసే లేకపోతే వదిలేయ్, ఆ సొమ్ముతో ముందు గోడ కట్టుకో. కానీ ఏదైనా తేల్చి చెప్పు. 2022 సీజన్ అయినాక జెయింట్స్ ఉంచుకోవాలనుకుంటే గ్యారంటీతో ఉంచుకోవాల్సింది. వద్దనుకుంటే అప్పుడే, బయట విలువ ఉన్నప్పుడే, ఇంకొక జట్టుకు ఇచ్చి బదులుగా ఏమన్నా తెచ్చుకోవాల్సింది. వాళ్లు రెండూ చేయలేదు. ఒక ఏడాది తాడేసి కట్టి, ఆ తర్వాత ఊరికే వదిలినారు. తాత కూడా అంతే. పది రూపాయలు ఇవ్వనూ లేదు, "నాకు కుదరదు, నువ్వు చూసుకో" అని చెప్పనూ లేదు. అడ్వాన్స్ ఉందికదా అని ఊరుకున్నాడు. పోయిందానికంటే ఆ ఊరుకున్న ఏడాదే తప్పు అని ఇప్పుడు మాకు అనిపిస్తుంది.

వదిలేసినాక బాగుపడినవాళ్లూ ఉన్నారు, మన ఆర్‌సీబీనే చూడండి. 2022 వేలానికి ముందు చాహల్‌ను ఉంచుకోలేదు. ఆయన రాజస్థాన్‌కు పోయి ఆ ఏడాదే 27 వికెట్లతో పర్పుల్ క్యాప్ తెచ్చుకున్నాడు. మేము ఏడ్చినంత పని చేసినాం. 2025లో ఆర్‌సీబీ మొదటిసారి కప్పు గెలిచింది, ఫైనల్లో ఎదురుగా పంజాబ్ తరఫున ఆ చాహలే ఉన్నాడు. కప్పు వచ్చినంత మాత్రాన 2022లో చేసింది ఒప్పు అయిపోదు, రాకపోయి ఉన్నా తప్పు అయ్యేది కాదు. చేసిన రోజు ఏం చూసుకుని చేసినారు అనేదే లెక్క.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఇంకొక కారణం ఉంది. పోయిన నెల మా మేనేజర్ ఒక ఎక్సెల్ షీట్ పంపించినాడు. మా టీమ్‌లో కాంట్రాక్ట్ మీద ఒక సీనియర్ మేడమ్ ఉంది. మాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. పేమెంట్ల భాగంలో ఎక్కడ ఏ మూల ఏం విరుగుతుందో ఆమెకు తెలుసు, డాక్యుమెంట్‌లో లేనిది కూడా తెలుసు. ఆమె రేటుకు ఇద్దరు కొత్త పిల్లలు వస్తారు, ఆటోమేషన్ స్క్రిప్టులు కూడా రాస్తారు. షీట్‌లో ఆమె పేరు ఎదురుగా రెండు గళ్లు: రెన్యూ, రీప్లేస్. మేము ఒకటి టిక్ పెట్టాలి.

మొదట మేము చేసింది ఏమంటే, ఆమె పట్టుకున్న బగ్గుల లెక్క తీసినాం. బ్రహ్మాండంగా ఉంది. ఆ తర్వాత సాయిబు గూళ్లు గుర్తుకొచ్చినాయి. ఆ బగ్గుల్లో సగం, ఆమెతో ఐదేళ్లుగా పనిచేసే డెవలపర్ ఒకాయన "ఇక్కడ మార్చినాను, ఒకసారి చూడండి" అని ముందే ఫోన్ చేసి చెప్పడం వల్ల దొరికినవి. ఆ సందు ఆయన తెరిచింది. ఆమె పోతే ఆ ఫోన్ కూడా పోతుంది, ఆయన పోతే ఆమె లెక్క కూడా పడిపోతుంది. షీట్‌లో దానికి గడి లేదు. ఇద్దరు పిల్లలను తెచ్చినా ఆ ఫోన్ రాదు, కనీసం ఒక ఏడాది రాదు. మేము రెన్యూ అని టిక్ పెట్టి, ఒక ఏడాదికి, అడిగిన రేటుకు, అని పక్కన రాసినాం. కుదరదనుకుంటే ఇప్పుడే ఆమెకు చెప్పండి, చివరి వారం దాకా నాన్చొద్దు అని కూడా రాసినాం. ఇంత నోరు చేసుకోవడం మాకు అలవాటు లేదు.

ఆరు నెలలకు ఇచ్చినారు. రేటు పాతదే. మేడమ్ మాకు థాంక్స్ చెప్పింది. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అడిగింది ఎంత, ఇచ్చింది ఎంత అని అవ్వ అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఇంతవరకు ఇంట్లో చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

చివరగా ఒక మనవి. బార్క్లీ ఏ ఆటలో ఎన్ని గజాలు పరిగెత్తినాడో మా ఇంట్లో ముగ్గురికి నోటికి వచ్చు. మన షెడ్డులో ఎన్నో ఏళ్లు వేడినీళ్లలో వేళ్లు పెట్టిన ఆ మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. అవ్వను అడిగితే, "పేరా? సాయిబు అనే కదరా పిలిచేది" అనింది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పద్దు పుస్తకంలో తాత చేతిరాతతో 'సాయిబు, అడ్వాన్స్ 4,000' అని ఉంది. దాని కింద 'ముట్టినది' అని ఉంది. అంతే.

చిన్నాయన, చిక్కబళ్లాపురం అత్త, చింతామణి మామ, మీలో ఎవరికన్నా ఆయన పేరు గుర్తుంటే చెప్పండి. వాళ్ల పిల్లలు ఎక్కడ ఉన్నారో తెలిసినా చెప్పండి. షెడ్డు ఫోటో ఒకటి మా దగ్గర ఉంది, అందులో బేసిన్ ముందు కూర్చుని తల వంచుకున్నది ఆయనే అని అవ్వ అంటుంది. పేరు తెలిసినాకనే ఆ ఫోటో ఈ పేజీలో పెడతాం.